‘మామా.. మూడు ఎపిసోడ్లు చూడు చాలు’.. ఫ్రెండ్ మాటతో థియేటర్ దాకా వచ్చిన యానిమే! మరి చిక్కు ఎక్కడొస్తోంది?

2025 సెప్టెంబర్ 12, శుక్రవారం. తెలుగు రాష్ట్రాల్లో ఏ థియేటర్ దగ్గర చూసినా తేజ సజ్జా ‘మిరాయ్’ సందడే. పక్క స్క్రీన్‌లో బెల్లంకొండ సాయి శ్రీనివాస్ ‘కిష్కింధపురి’. సరిగ్గా అదే రోజు మరో సినిమా కూడా దిగింది. హీరో పేరు తంజిరో కమాడో. ఊరు జపాన్. మన పెద్ద హీరోలకు ఉండే హడావుడేమీ లేదు. అయినా కుర్రాళ్లు గ్యాంగులు గ్యాంగులుగా వచ్చారు. 2 గంటల 35 నిమిషాల ఆ బొమ్మల సినిమా పేరు ‘డెమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్’. జపనీస్, ఇంగ్లిష్, హిందీ, తమిళంతో పాటు తెలుగులోనూ వచ్చింది. మన దేశంలో ఇప్పటిదాకా విడుదలైన యానిమే సినిమాల్లో ఎక్కువ వసూళ్లు దీనివే.

ఇందులో విశేషం వసూళ్లు మాత్రమే కాదు. ఈ సినిమాకి ఊరికే వెళ్లి కూర్చుంటే ఏమీ అర్థం కాదు. ముందు టీవీ సిరీస్ చూసి ఉండాలి. 2019లో మొదలైన ఆ సిరీస్‌లో సినిమాకి ముందు వరకు వచ్చినవి 63 ఎపిసోడ్లు. ఒక్కోటి 24 నిమిషాల లెక్కన వేసుకున్నా పాతిక గంటలు! అంటే టికెట్ కొన్నవాళ్లలో ఎక్కువమంది పాతిక గంటల హోంవర్క్ చేసి మరీ వచ్చారు. మిగతావాళ్లు హోంవర్క్ చేసినవాడి పక్క సీట్లో కూర్చుని, చెవిలో కథ చెప్పించుకున్నారు.

మరి ఆ హోంవర్క్ ఇచ్చిందెవరు? టీవీ యాడ్ కాదు. పేపర్ రివ్యూ అంతకన్నా కాదు. హాస్టల్ రూమ్‌మేటో, ట్యూషన్ ఫ్రెండో, ఆఫీసులో పక్క సీటువాడో.. ‘మామా, మూడు ఎపిసోడ్లు చూడు చాలు, ఆ తర్వాత నువ్వే ఆపవు’ అన్నవాడు.

ఇంతకుముందు బొమ్మల సినిమా ఏది చూడాలో చానల్ చెప్పేది. ఇప్పుడు ఆ పని ఫ్రెండ్ చేస్తున్నాడు. ఆ మాటకు బలం చాలా ఉంది. తప్పులూ అంతే ఉన్నాయి.

అప్పట్లో చానల్ పెట్టిందే చూశాం

ముప్పై ఐదు దాటినవాళ్లకు దూరదర్శన్ ‘జంగిల్ బుక్’ గుర్తుండే ఉంటుంది. ఆదివారం వచ్చిందంటే మోగ్లీ కోసం టీవీ ముందు చేరిపోయేవాళ్లం. అది 52 ఎపిసోడ్ల జపాన్ యానిమే అని అప్పుడు మనలో ఎంతమందికి తెలుసు? హిందీ పాట ఉంది, అడవి ఉంది, మనదే అనుకున్నాం. తర్వాత కార్టూన్ నెట్‌వర్క్‌లో పోకీమాన్, బేబ్లేడ్, డ్రాగన్ బాల్ జీ వచ్చాయి. 2004లో పూర్తిగా యానిమే కోసమే యానిమాక్స్ చానల్ మొదలైంది. డోరేమాన్, షిన్‌చాన్ తెలుగు మాట్లాడాయి. 2022లో సోనీ యే ‘నరుటో’ను తెలుగుతో సహా మన భాషల్లో తెచ్చింది. చానల్ ఏం పెడితే అదే, ఎన్ని గంటలకు పెడితే అప్పుడే.

కథ మారింది 2019లో. మకోటో షింకాయ్ తీసిన ‘వెదరింగ్ విత్ యూ’ను ఇండియాలో కూడా విడుదల చేయాలంటూ అభిమానులు ఆన్‌లైన్ పిటిషన్ పెట్టారు. ఒకరు ఇంకొకరికి పంపారు, వాళ్లు ఇంకొకరికి పంపారు. సంతకాలు 50 వేలు దాటాయి. అదే ఏడాది అక్టోబర్ 11న సినిమా మన థియేటర్లలోకి వచ్చింది. సంతకాలు పెట్టి సినిమా తెప్పించుకోవడం మామూలు విషయమా? మన దగ్గర బెనిఫిట్ షో కోసం థియేటర్ ముందు గోల చేసినవాళ్లను చూశాం గానీ, ఇలా చూడలేదు. 2023 ఏప్రిల్‌లో అదే దర్శకుడి ‘సుజుమే’ వచ్చింది. 2025 జనవరి 24న 1993 నాటి జపాన్-ఇండియా రామాయణం, ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ కొత్త ప్రింటుతో తెలుగులోనూ విడుదలైంది. అప్పటికి ఆ సినిమా వయసు ముప్పై ఏళ్లు దాటింది.

కంపెనీలకూ ఈ లెక్క అర్థమైంది. క్రంచీరోల్ 2022లో ఇండియా కోసం ధర తగ్గించి నెలకు 79 రూపాయల నుంచి ప్లాన్లు పెట్టింది. 2023లో తెలుగు, తమిళ డబ్బింగ్ మొదలుపెట్టింది. ప్రచారానికి రష్మిక మందన్నను తీసుకుంది. ఆమె 2024 మార్చిలో టోక్యోలో జరిగిన యానిమే అవార్డుల వేడుకకు కూడా వెళ్లొచ్చారు. ‘పుష్ప’ శ్రీవల్లి అక్కడేం చేస్తోందని అప్పట్లో చాలామంది ఇళ్లలో పెద్దవాళ్లు అడిగారు. పిల్లలు చెప్పారు.

అసలు ఈ బొమ్మల కథల పుట్టింట్లో కూడా నడిచేది జనం మాటే. జపాన్‌లో 1968 నుంచి వస్తున్న ‘షోనెన్ జంప్’ పత్రికనే తీసుకోండి. డ్రాగన్ బాల్, నరుటో, వన్ పీస్, డెమన్ స్లేయర్.. అన్నీ ముందు అందులో బొమ్మల కథలుగా వచ్చినవే. 1990ల నడిమధ్య ఒక దశలో ఆ పత్రిక ఒక్క సంచిక 65 లక్షల కాపీలు దాటింది. అందులో ఒక కార్డు ఉంటుంది. నచ్చిన మూడు కథలు రాసి పంపాలి. ఓట్లు పడని కథను, రాసినవాడు ఎంత గొప్పవాడైనా, కొన్ని వారాల్లో మడిచి పెట్టేస్తారు. స్కూలు పిల్లాడు పోస్టు చేసిన కార్డు అక్కడ ఒక రచయిత ఉద్యోగాన్ని తేల్చేస్తుంది. మన వాట్సాప్ గ్రూపులో ‘ఇది చూడండ్రా’ అన్న మెసేజ్ దానికి చుట్టమే.

మరి తేడా ఎక్కడ కొడుతోంది?

మా గ్యాంగ్ సంగతే చెప్తాను. ఐదుగురం ఉన్నాం. నాలుగేళ్లుగా ఒక గ్రూపు. ఎవడు ఏది చూసినా అందులో పడేస్తాడు. ‘పిచ్చ సినిమా’, ‘గూస్‌బంప్స్’, ‘ఏడ్చేశా’.. ఈ మూడు మాటల్లోనే రివ్యూలన్నీ అయిపోతాయి. పడ్డవాటిలో సగం ఎవడూ చూడడు. ఎందుకంటే చెప్పేవాడు తనకు నచ్చింది చెప్తాడు, ఎదుటివాడికి ఏది నచ్చుతుందో ఆలోచించడు.

‘విన్‌లాండ్ సాగా’ మీద మా మధ్య పెద్ద గొడవే అయింది. 2019లో వచ్చిన మొదటి సీజన్ వైకింగుల యుద్ధాలు, నరుకుడు, పగ. గ్రూపంతా ఊగిపోయాం. 2023లో రెండో సీజన్ వచ్చింది. హీరో థోర్ఫిన్ కత్తి వదిలేసి ఒక ఆసామి పొలంలో బానిసగా పడి ఉంటాడు. 24 ఎపిసోడ్లలో చాలాభాగం అడవి కొట్టడం, మొద్దులు పెకలించడం, దుక్కి దున్నడం, గోధుమ మొలక కోసం ఎదురుచూడటం. మాలో ఒకడు నాలుగో ఎపిసోడ్‌కే లేచాడు. ‘ఫైట్లు ఏవిరా? అన్నదాత సుఖీభవ చూస్తున్నట్టుంది’ అని గ్రూపులో మెసేజ్ పెట్టాడు. అందరం నవ్వాం.

ఇంకొకడు నవ్వలేదు. వాడిది అనంతపురం జిల్లా. వాళ్ల నాన్న వేరుశనగ వేస్తారు. రాత్రి పదకొండున్నరకు వాడు పెద్ద మెసేజ్ పెట్టాడు. ‘మొద్దు పెకలించడానికి పశువు లేక, అరువు అడగడానికి మొహం చెల్లక వాళ్లిద్దరూ నిలబడే సీన్ ఉంది చూడు. మా నాన్న అలా నిలబడటం నేను చూశాను. మీకు బోర్ కొడితే కొట్టనీయండి, నాకు మాత్రం ఇంతవరకు చూసిన వాటిల్లో ఇదే గొప్పది.’ ఆ తర్వాత గ్రూపులో ఒక రోజంతా ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ‘అన్నదాత సుఖీభవ’ అన్నవాడు మాత్రం మళ్లీ ఐదో ఎపిసోడ్ నుంచి మొదలుపెట్టాడు. వాడికి ఇప్పటికీ అంత గొప్పగా ఏమీ అనిపించలేదట. కానీ చివరిదాకా చూశాడు.

ఆ రాత్రి మెసేజ్‌లో ‘పిచ్చ సినిమా’ అన్న మాట లేదు. తనకెందుకు నచ్చిందో ఉంది. అది చదివాక ఎదుటివాడికి చూడాలో వద్దో తేల్చుకోవడం తేలిక. ఐదు స్టార్లకు ఎన్ని ఇచ్చావని అడిగితే ఈ విషయం బయటకొచ్చేదా?

‘మూడు ఎపిసోడ్ల’ లెక్క ఎక్కడిది?

యానిమే అభిమానుల్లో ‘మూడు ఎపిసోడ్లు చూసి తేల్చుకో’ అనే మాట ప్రపంచమంతా ఉంది. దీనికి బాగా పేరు రావడానికి ఒక కారణం 2011లో వచ్చిన ‘మడోకా మాజికా’. గులాబీ రంగులు, ఫ్రిల్లు గౌన్లు, మాట్లాడే బుల్లి జంతువు.. చిన్నపిల్లల షో అనుకుంటాం. మూడో ఎపిసోడ్ చివర్లో గుండె గుభేలుమంటుంది. ఏమవుతుందో చెప్పను, చెప్తే మా గ్యాంగ్ నన్ను గ్రూపులోంచి తీసేస్తుంది.

కానీ ఈ లెక్క అన్నింటికీ సరిపోదు. ‘స్టెయిన్స్ గేట్’కు 24 ఎపిసోడ్లు. అందులో దాదాపు సగం వరకు కుర్రాళ్ల సోదిలాగే ఉంటుంది, ఆ సోదంతా ఎందుకో తర్వాత తెలుస్తుంది. మూడు చూసి ఆపేసినవాడు అన్యాయమైపోతాడు. ‘ఫ్రీరెన్’కు అసలు ఒక్క ఎపిసోడ్ చాలు. దాని నిర్మాతలే 2023 సెప్టెంబర్ 29న మొదటి నాలుగు ఎపిసోడ్లను కలిపి రెండు గంటల స్పెషల్‌గా జపాన్ టీవీలో వేశారు. కథ ఎక్కడ పట్టుకుంటుందో వాళ్లకు తెలుసన్నమాట.

ఇక ‘వన్ పీస్’. 1999 అక్టోబర్‌లో మొదలై ఇప్పటికి 1,100 ఎపిసోడ్లు దాటేసింది. లెక్కేస్తే 440 గంటలు. నిద్ర, తిండి మానేసి చూసినా 18 రోజులు. దీన్ని ఇంటర్ రెండో ఏడాది చదివే కుర్రాడికి ఫిబ్రవరిలో రికమెండ్ చేసే ఫ్రెండ్‌ను ఏమనాలి? (అలాంటివాడు ఒకడు మా గ్రూపులో ఉన్నాడు. వాడి తమ్ముడే బాధితుడు.)

పాత సిరీస్‌లు ఇంత పొడుగ్గా ఉండటానికి కారణం ఉంది. అప్పట్లో వారం వారం ఆపకుండా టీవీలో వేసేవాళ్లు. బొమ్మల కథ రాసే రచయిత కన్నా టీవీ ముందుకెళ్లిపోయేది. అప్పుడు కథతో సంబంధం లేని ఎపిసోడ్లు కూరేవాళ్లు. అవే ఫిల్లర్లు. ‘నరుటో’ 220, దాని కొనసాగింపు ‘షిప్పుడెన్’ 500.. మొత్తం 720లో ఇవి బోలెడు. చూసినవాడికి ఏవి వదిలేయొచ్చో తెలుసు. కాబట్టి ‘నరుటో చూడు’ అని వదిలేయకుండా ‘ఇక్కడి నుంచి ఇక్కడిదాకా వదిలెయ్’ అని చెప్పేవాడే పనికొచ్చే ఫ్రెండ్. ఇప్పుడు చాలా సిరీస్‌లు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ సీజన్లలో పన్నెండు, పదమూడు ఎపిసోడ్ల చొప్పున వస్తున్నాయి. చివరికి ‘వన్ పీస్’ నిర్మాతలు కూడా 2026 నుంచి ఏడాదికి 26 ఎపిసోడ్లు మించకుండా ఇస్తామని ప్రకటించారు.

మాస్ హీరోనా? ముసలి హీరోనా?

2025 మే నెలలో టోక్యోలో జరిగిన క్రంచీరోల్ అవార్డుల్లో ‘సోలో లెవెలింగ్’ ఆ ఏడాది ఉత్తమ యానిమేగా నిలిచింది. అంతే.. అభిమానులు రెండు ముక్కలయ్యారు. కథ పలచన, హీరో ఒక్కడి ఎలివేషన్లే తప్ప ఏముందని ఒక వర్గం. ఆ ఎలివేషన్లే కదా మజా అని ఇంకో వర్గం. మా గ్రూపులోనూ రెండు రోజులు ఇదే పంచాయితీ.

కొంచెం పక్కకు జరిగి మన వైపు నుంచి చూడండి. అందరూ చేతకానివాడని నవ్వే కుర్రాడు. ఆస్పత్రిలో అమ్మ. చదువుకునే చెల్లెలు. ఒక దెబ్బతో రాత మారుతుంది. ఇంటర్వెల్‌కు ముందు విలన్ల మధ్య నిలబడి తలెత్తి చూస్తాడు.. వెనక బీజీఎం. ఈ కథ మనకు కొత్తా? కొరియా వెబ్ నవల నుంచి పుట్టిన ‘సోలో లెవెలింగ్’ తెలుగు మాస్ సినిమా ప్రేక్షకుడికి కరెక్టుగా అతికిపోవడంలో వింతేమీ లేదు. మాస్ సినిమాలు మాత్రమే చూసే ఫ్రెండ్‌కు మొదటి యానిమే చెప్పాలంటే నా ఓటు దీనికే. తెలుగు డబ్బింగ్ కూడా ఉంది.

కానీ అదే మనిషికి ‘ఫ్రీరెన్’ చెప్తే? అందులో రాక్షసరాజును చంపడం కథ మొదలయ్యేసరికే అయిపోయింది. పదేళ్లు కలిసి తిరిగిన నలుగురిలో ఒకామె వెయ్యేళ్లకు పైగా బతికిన మంత్రగత్తె. ఆమెకు ఆ పదేళ్లు కనురెప్పపాటు. యాభై ఏళ్ల తర్వాత తిరిగొచ్చేసరికి హీరో ముసలివాడు. కొన్నాళ్లకే పోతాడు. అంత్యక్రియల దగ్గర నిలబడి ‘ఇతని గురించి నేనెందుకు తెలుసుకోలేదు’ అని ఆమె ఏడుస్తుంది. ఇదంతా మొదటి ఎపిసోడే! తాతనో నాన్ననో పోగొట్టుకున్నవాడికి ఇది ఎక్కడ తగులుతుందో చెప్పక్కర్లేదు. వీకెండ్ ఫైట్ల కోసం కూర్చున్నవాడు మాత్రం నిద్రపోతాడు. రెండింట్లో ఏది గొప్పదనే గొడవలో మా గ్రూపు రెండు రోజులు వృథా చేసింది. నాకు ఫ్రీరెనే గొప్పది. కానీ మా బాబాయి కొడుక్కి నేను పంపింది సోలో లెవెలింగ్.

ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూడాలంటే ‘స్పై ఫ్యామిలీ’ని మించింది నాకు కనపడలేదు. మొగుడు గూఢచారి, పెళ్లాం హంతకురాలు, దత్తత తెచ్చుకున్న పిల్ల మనసులోని మాటలు వినేస్తుంది. ముగ్గురూ ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటారు. సీరియల్ చూసే అమ్మలకు ఐదు నిమిషాల్లో పట్టు దొరికిపోతుంది. ఊళ్లో బడి గ్రౌండ్‌లో వాలీబాల్ ఆడినవాళ్లకు ‘హైక్యూ’. తెలివికి తెలివి పోటీ కావాలంటే 37 ఎపిసోడ్ల ‘డెత్ నోట్’, ఓపికుంటే 74 ఎపిసోడ్ల ‘మాన్‌స్టర్’. సిరీస్‌కు టైమ్ లేదనేవాళ్లకు ‘యువర్ నేమ్’, ‘ఎ సైలెంట్ వాయిస్’ లాంటి సినిమాలున్నాయి. ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ మాత్రం ఎవరికైనా చెప్పేముందు ఒక్క మాట ముందుగా చెప్పండి. 1988లో వచ్చిన ఈ సినిమా బాంబు దాడుల మధ్య కోబె నగరంలో దిక్కులేని అన్నాచెల్లెళ్ల కథ. గంటన్నర కూడా ఉండదు. చూశాక ఆ రాత్రి అన్నం సహించదు. పుట్టినరోజు నాడు ఫ్రెండ్‌కు దీన్ని రికమెండ్ చేసినవాణ్ని నాకు తెలుసు.

తెలుగు డబ్బింగా? జపనీసా?

ఈ గొడవ లేని యానిమే గ్రూపు ఉండదు. ‘ఒరిజినల్ వాయిస్‌లోనే చూడాలి, డబ్బింగ్ చూస్తే పాపం’ అని పెద్దరికం ఒలకబోసేవాడు ప్రతి గ్రూపులో ఒకడుంటాడు. ఫోన్ స్క్రీన్ మీద, సిటీ బస్సులో నిలబడి, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదువుతూ కత్తియుద్ధం చూడటం వాళ్లకు సాధ్యమేమో. అందరికీ కాదు. ఇంగ్లిష్ అంత వేగంగా చదవలేని కుర్రాడిని ఆ ఒక్క మాటతో బయట నిలబెట్టేస్తున్నాం.

పైగా మన భాషకు ఒక సౌకర్యం ఉంది. జపాన్ వాళ్లు పేరు చివర ‘సాన్’, ‘సామా’, ‘కున్’ తగిలిస్తారు. ఎవరు పెద్ద, ఎవరు చిన్న, ఎవరికి ఎంత చనువు.. అన్నీ అందులోనే తెలిసిపోతాయి. ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి అవి గాలికి పోతాయి. అందరూ ‘యూ’నే. తెలుగులో నువ్వు, మీరు ఉన్నాయి. గారు ఉంది. ఒరేయ్ ఉంది. తంజిరో తనకన్నా పెద్దవాళ్లను ‘సాన్’ అని పిలుస్తాడు, మనకు ‘గారు’ సరిపోతుంది. అడవిపంది తల తగిలించుకు తిరిగే ఇనొసుకే ఎవరి పేరూ సరిగ్గా పలకడు, ఎవరికీ మర్యాద ఇవ్వడు. వాడికి ‘ఒరేయ్’ రాసిపెట్టినట్టుంటుంది. చెల్లెలు అన్నను పిలిచే పిలుపు తెలుగులో ‘అన్నయ్యా’ అవుతుంది, ఇంగ్లిష్‌లో ఉత్త పేరైపోతుంది.

అన్నట్టు, ‘డెమన్ స్లేయర్’ మన దగ్గర ఇంతలా పట్టడానికి కారణం కూడా ఇక్కడే ఉందేమో. కుటుంబం మొత్తం పోయి, రాక్షసిగా మారిన చెల్లెలిని పెట్టెలో పెట్టి వీపున మోసుకుంటూ తిరిగే అన్న కథ అది. 1962లో ఎన్టీఆర్, సావిత్రి ‘రక్తసంబంధం’ చూసి ఏడ్చిన నాయనమ్మ ఉన్న ఇంట్లో.. మనవడు 2025లో తంజిరోను చూసి ఏడుస్తున్నాడు. కత్తులు, మంత్రాలు తీసేస్తే ఇద్దరూ ఏడ్చింది ఒకే విషయానికి.

‘కార్టూనే కదా’ అన్న మాటతో వచ్చిన తంటా

ఇక నా తప్పు చెప్పుకోవాలి. మా అక్క కొడుక్కి అప్పుడు తొమ్మిదేళ్లు. దసరా సెలవులకు వచ్చాడు. ‘మామయ్యా, మంచి బొమ్మలు ఏవైనా పెట్టు’ అన్నాడు. అప్పటికి నేను డెమన్ స్లేయర్ మత్తులో ఉన్నాను. పెట్టి, ఫోన్ చేతికిచ్చి, ఆఫీసు కాల్‌లోకి వెళ్లిపోయాను. మొదటి ఎపిసోడ్‌లో ఏముందో నాకు తెలుసు. మంచులో ఇల్లు, గుమ్మంలో రక్తం, తల్లీ పిల్లలూ చచ్చిపడి ఉంటారు. తెలిసీ పెట్టాను. నాకు నచ్చిన సీన్ కదా!

ఆ రాత్రి వాడు లైట్ ఆర్పనివ్వలేదు. మరుసటి రాత్రీ అంతే. మూడో రోజు అక్క అడిగింది. ‘నేను కార్టూనే కదా అనుకున్నాన్రా. నీకు తెలుసు కదా?’ నా దగ్గర సమాధానం లేదు.

ఇది ఒక్క మా ఇంటి సంగతే కాదనుకుంటా. బొమ్మ అంటే పిల్లలది అనే లెక్క మన ఇళ్లలో గట్టిగా ఉంది. ‘అటాక్ ఆన్ టైటన్’ కూడా బొమ్మలే. మొదటి ఎపిసోడ్‌లోనే హీరో కళ్లముందు వాళ్ల అమ్మను రాక్షసుడు తినేస్తాడు. జపాన్‌లో ‘షోనెన్’ అంటే అబ్బాయిల కోసం అని అర్థం. అయితే ఆ అబ్బాయి హైస్కూలు కుర్రాడు, రెండో తరగతి పిల్లాడు కాదు. పెద్దవాళ్ల కోసం ‘సీనెన్’ అని వేరే వర్గమే ఉంది. ఇక్కడ మన ఇళ్లలో అన్నీ ఒకే ఫోన్‌లో, ఒకే ఐకాన్ కింద ఉంటాయి.

వయసు గుర్తులు లేవా అంటే.. ఉన్నాయి. ఓటీటీలకు 2021 ఐటీ నిబంధనల్లోనే 7+, 13+, 16+, పెద్దలకు మాత్రమే అనే విభజన ఉంది. సినిమాలకూ సెన్సార్ బోర్డు 2024 నుంచి యూఏను అలాగే మూడుగా విడదీసింది. ఎపిసోడ్ మొదలవగానే స్క్రీన్ మూలన కొద్ది సెకన్లు కనపడుతుంది. ఫోన్‌లో ఆ అక్షరాలు చీమంత. దాన్ని చూసేలోపే పిల్లాడు ‘స్కిప్’ నొక్కేస్తాడు. అంటే ఆచరణలో ఇంట్లో వయసు చూసే సెన్సార్ ఎవరు? ‘ఇది పెట్టు, బాగుంటుంది’ అన్న మామయ్యో, అన్నయ్యో, ఫ్రెండో. యాప్‌లో పిల్లల ప్రొఫైల్ పెట్టి, పిన్ వేయడానికి రెండు నిమిషాలు పడుతుంది. నేను ఆ పని మూడో రాత్రి తర్వాత చేశాను.

లింకు పంపేముందు..

రికమెండేషన్‌తో పాటు గ్రూపులో ఇంకోటి కూడా వస్తుంది. టెలిగ్రామ్ లింకు. నిజం మాట్లాడుకుందాం, ఒకప్పుడు వేరే దారి లేదు. మన దేశంలో అధికారికంగా దొరికేవి అరకొర. ఆ పైరసీ సైట్ల మీదే ఒక తరం యానిమే నేర్చుకుంది. కానీ ఇప్పుడు ఆ సాకు సగం పోయింది. పెద్ద పైరసీ సైట్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, 2024 ఆగస్టులో ఏనివేవ్ మూసేశారు. మ్యూజ్ ఏషియా లాంటి చానళ్లు యూట్యూబ్‌లోనే కొన్నింటిని అధికారికంగా ఉచితంగా పెడుతున్నాయి. ఓటీటీల్లో తెలుగు ఆడియో వస్తోంది.

ఆ తెలుగు ఆడియో ఎప్పటికీ ఉంటుందన్న గ్యారంటీ ఏమీ లేదు. డబ్బింగ్‌కు రైటర్ కావాలి, ఆర్టిస్టులు కావాలి, స్టూడియో కావాలి. తెలుగు ట్రాక్ ఎంతమంది నొక్కారో కంపెనీకి లెక్క కనపడుతుంది. పైరసీ లింకులో మనం చూసిన పాతిక గంటలు ఆ లెక్కలో సున్నా. ‘మొదటి సీజన్ తెలుగులో ఉంది, రెండోది ఎందుకు లేదు’ అని గ్రూపులో తిట్టుకునేవాళ్లే మొదటి సీజన్‌ను టెలిగ్రామ్‌లో చూసి ఉంటారు. షోనెన్ జంప్ కార్డు సంగతి గుర్తుంది కదా.. ఓటు పడని కథను మడిచి పెట్టేస్తారు.

మా గ్రూపులో ఈ మధ్య చిన్న మార్పు వచ్చింది. ఎవడైనా కొత్తది చెప్పాలంటే నాలుగు ముక్కలు రాయాలి. ఎన్ని ఎపిసోడ్లు, ఎక్కడ దొరుకుతుంది, పిల్లల ముందు చూడొచ్చా, నీకెందుకు నచ్చింది. స్పాయిలర్ చెప్తే ఆదివారం బిర్యానీ వాడిదే. ఇప్పటికి మూడు బిర్యానీలు తిన్నాం, మూడూ ఒక్కడే పెట్టాడు.

మేనల్లుడికి ఇప్పుడు పదకొండు. వాళ్ల నాయనమ్మతో కూర్చుని ‘స్పై ఫ్యామిలీ’ చూస్తున్నాడు. ఆవిడకు ఆ బుల్లి పిల్ల ఆన్య అంటే ప్రాణం, ‘ఇవాళ మా ఆన్య రాలేదా’ అని అడుగుతుందట. మొన్న వీడు ఫోన్ చేసి, క్లాసులో అందరూ ఇన్ఫినిటీ క్యాసిల్ చూశారని, తనొక్కడే చూడలేదని అన్నాడు. పదమూడు వచ్చాక ఇద్దరం కలిసి మొదటి ఎపిసోడ్ నుంచి చూద్దామన్నాను. ‘లైట్ వేసుకునా, ఆర్పేసా?’ అని అడిగాడు. వేసుకునే అన్నాను.